మీ ఇంటి పన్నులో ఉన్న లైబ్రరీని కాపాడుకోవడం ఎలా

ముందు ఒక చిన్న పని చేయండి. బీరువాలోనో, ఫ్రిజ్ మీదో, కరెంటు బిల్లుల కట్టలోనో మీ ఇంటి పన్ను రసీదు ఉంటుంది. దాన్ని తీసి చూడండి. ఇంటి పన్ను, నీటి పన్ను, లైటింగ్, డ్రైనేజీ అని వరసగా ఉన్న పద్దుల మధ్య గ్రంథాలయ సెస్సు అనో, లైబ్రరీ సెస్ అనో ఒక పద్దు ఉంటుంది. లైబ్రరీల కోసమని ఇంటి పన్ను మీద అదనంగా వేసే చిన్న పన్ను అది. ఇంటి పన్ను రూపాయికి 8 పైసలు. పన్ను 1,500 రూపాయలైతే సెస్సు 120 రూపాయలు. మీరు ఎప్పుడైనా లైబ్రరీ గడప తొక్కినా తొక్కకపోయినా ఆ 120 కట్టే ఉన్నారు.

ఊరి లైబ్రరీలో పేపర్లు తగ్గించారని, కొత్త పుస్తకం వచ్చి ఏళ్ళయిందని, అద్దె బాకీ పడి గది ఖాళీ చేయమంటున్నారని తెలిసినప్పుడు మనం ముందుగా అనుకునే మాట, 'పాపం, ప్రభుత్వం దగ్గర డబ్బుల్లేవేమో' అని. ఆ తర్వాత మంచి మనసున్న నలుగురు కలిసి చందాలు మొదలుపెడతారు. ఆ రెండూ కాసేపు పక్కన పెట్టమని అడగడానికే ఇది రాస్తున్నాను. లైబ్రరీ డబ్బు మీరు ఇప్పటికే కట్టేశారు. అది దారిలో ఎక్కడ ఆగిందో కనిపెట్టి కదిలించాలి. దానికి డబ్బు అక్కర్లేదు. ఓ ఐదారుగురు మనుషులు, ఐదారు నెలల ఓపిక, రెండు దరఖాస్తులు చాలు.

డబ్బు నడిచే దారి

1960లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టమే ఈ రోజుకీ రెండు తెలుగు రాష్ట్రాల్లో లైబ్రరీలకు ఆధారం. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ కూడా దాన్నే తనదిగా చేసుకుంది. ఆ చట్టం ప్రకారం సెస్సును ఇంటి పన్నుతో పాటు వసూలు చేసేది గ్రామ పంచాయతీ, మున్సిపాలిటీ, కార్పొరేషన్. అయితే ఆ డబ్బు వాటిది కాదు. వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. జిల్లా కేంద్ర గ్రంథాలయం, పట్టణాల్లోని శాఖా గ్రంథాలయాలు, పల్లెల్లోని గ్రామీణ గ్రంథాలయాలు, కొన్ని పుస్తకాలు మాత్రం ఉంచి చదువుకోనిచ్చే పుస్తక నిక్షేప కేంద్రాలు అన్నీ ఆ సంస్థ కిందే నడుస్తాయి.

సిబ్బంది జీతాలకు సాధారణంగా ప్రభుత్వ గ్రాంటు వస్తుంది. పుస్తకాలు, పత్రికలు, అద్దె, కరెంటు బిల్లు, బెంచీలు, ఫ్యాన్లు, కారే కప్పుకు మరమ్మతు, వీటన్నిటికీ దిక్కు సెస్సే. సెస్సు ఆగినా లైబ్రరీ ఒక్కరోజులో మూతపడకపోవడానికి కారణం ఇదే. తలుపులు తెరిచే ఉంటాయి, కుర్చీలో మనిషి ఉంటారు. ముందు వారపత్రికలు ఆగుతాయి. తర్వాత ఇంగ్లీషు పేపరు, ఆ తర్వాత పోటీ పరీక్షల మాసపత్రికలు. పాడైన ఫ్యాను పాడైనట్టే ఉంటుంది. ఒక లైబ్రేరియన్ రిటైరైతే పక్క మండలం ఆయనకు ఇన్‌చార్జి ఇస్తారు, వారంలో మూడు రోజులే తాళం తీస్తారు. ఎవరూ రావడం లేదనే మాట అప్పుడు మొదలవుతుంది. ఎవరూ రావడం లేదు కాబట్టి ఆ గదిని వేరే ఆఫీసుకు ఇచ్చేద్దాం అనేది దాని వెనకాలే వస్తుంది. మీ ఊళ్ళో ఇందులో ఏ మెట్టు దాకా వచ్చిందో ఆలోచించండి. వారపత్రికలు ఆగిన దశలోనే మేల్కొంటే పని చాలా తేలిక.

వసూలు చేసినవాళ్ళు ఎందుకు జమ చేయరు? చాలాసార్లు దాని వెనక దొంగతనం ఏమీ ఉండదు. పారిశుధ్య కార్మికుల జీతాలు, వీధి దీపాల బిల్లు, బోరు మోటారు రిపేరు, ఇలా నెలనెలా మీద పడే ఖర్చులకు చేతిలో ఉన్న డబ్బు వాడేస్తారు. లైబ్రరీ అరవదు కాబట్టి దాని వాటా వెనక్కి పోతుంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఒకరి పేరున వసూలైంది ఇంకొకరికి ఖర్చయిపోతుంది. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే మాట్లాడేటప్పుడు మీ గొంతులో కోపం తగ్గుతుంది, పట్టుదల మిగులుతుంది. అడగందే అమ్మైనా పెట్టదు అంటారు. పంచాయతీ అసలే పెట్టదు.

ముందు ఒక వారం లైబ్రరీలో కూర్చోండి

కాగితం పట్టుకుని ఆఫీసులకు పరిగెత్తేముందు మీ లైబ్రరీ ఎలా ఉందో కళ్ళారా చూడాలి. ఉదయం ఒక రోజు, సాయంత్రం ఒక రోజు, ఇలా ఓ వారం వెళ్ళి కూర్చోండి. ఎవరెవరు వస్తున్నారో రాసుకోండి. ఉదయం పేపరు కోసం వచ్చే పెద్దవాళ్ళు ఉంటారు. గ్రూప్స్‌కో, డీఎస్సీకో, కానిస్టేబులు ఉద్యోగానికో తయారయ్యే పిల్లలు ఇంటి నుంచి తెచ్చుకున్న పుస్తకాలతో మూల బల్ల దగ్గర కూర్చుంటారు. ఇంట్లో ఒకటే గది ఉన్నవాళ్ళకు, టీవీ మోత మధ్య చదవలేనివాళ్ళకు ఆ బల్లే చదువుల గది. హైదరాబాద్ చిక్కడపల్లి లైబ్రరీ చెట్ల కింద కూర్చుని చదివి ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్ళు ఎందరో. మీ ఊరి బల్ల దానికి చిన్న తోబుట్టువు.

ఆడపిల్లలు వస్తున్నారా? రాకపోతే ఎందుకు రావడం లేదు? మరుగుదొడ్డి లేదనో, సాయంత్రం వీధి దీపం వెలగదనో ఏదో చిన్న కారణమే ఉంటుంది. అది కూడా రాసుకోండి. ఎన్ని ఫ్యాన్లున్నాయి, ఎన్ని తిరుగుతున్నాయి, ఆఖరుగా కొన్న పుస్తకం మీద ముద్ర తేదీ ఏది, ఏ పత్రికలు ఏ నెల నుంచి ఆగాయి, ఇవన్నీ రాసుకోవాలి. తర్వాత గ్రామసభలో మైకు ముందు నిలబడినప్పుడు 'లైబ్రరీ పరిస్థితి బాగోలేదండీ' అనే మాట గాలికి పోతుంది. 'నాలుగు ఫ్యాన్లలో ఒకటి తిరుగుతోంది, దాని కింద పదకొండు మంది కూర్చుంటున్నారు' అన్న మాట నిలబడుతుంది.

లైబ్రేరియన్ గారితో జాగ్రత్తగా మాట్లాడండి. ఆయనైనా ఆవిడైనా ఉద్యోగి, పై ఆఫీసు మీద బహిరంగంగా మాట్లాడలేరు. మీకు ఏదైనా చెప్తే అది వాళ్ళ నోటి నుంచి వచ్చినట్టు ఎక్కడా రాయకండి. హాజరు రిజిస్టరు, ఇష్యూ రిజిస్టరు చూపించమని అడగండి, చాలు. లైబ్రేరియన్ పేరు కరపత్రం మీద కనిపించకూడదు, ఫోటోలో ముందు వరసలో ఉండకూడదు. మా ఊళ్ళో మేం మొదటిసారి ఈ తప్పు చేశాం. పత్రికలో వచ్చిన ఫోటోలో ఆవిడ మా మధ్యలో నవ్వుతూ నిలబడి ఉన్నారు. ఆ వారమే ఆవిడకు మెమో వచ్చింది. ఆ టెన్షన్ ఆవిడ కుటుంబమంతా పడింది. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది.

రెండు దరఖాస్తులు

ఈ పనికి వెన్నెముక ఇదే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. సమాచార హక్కు చట్టం 2005 కింద ఒకే రోజు రెండు దరఖాస్తులు పెట్టండి. ఒకటి మీ పంచాయతీకో మున్సిపాలిటీకో. రెండోది జిల్లా గ్రంథాలయ సంస్థకు. వసూలు చేసినవాళ్ళు ఎంత పంపామంటున్నారు, అందుకున్నవాళ్ళు ఎంత వచ్చిందంటున్నారు, ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెడితే తేడా బయటపడుతుంది. ఒక్కచోటే అడిగితే సగం బొమ్మే కనిపిస్తుంది.

పంచాయతీకి రాసే దరఖాస్తులో ఇవి అడగండి: గత ఐదు ఆర్థిక సంవత్సరాల్లో ఏ ఏటికి ఆ ఏడు ఇంటి పన్ను డిమాండ్ (అంటే రావాల్సిన మొత్తం) ఎంత, వసూలు ఎంత; అందులో గ్రంథాలయ సెస్సు డిమాండ్ ఎంత, వసూలు ఎంత; జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేసిన మొత్తాలు, తేదీలు, చెక్కు లేదా చలానా నంబర్లు; ఈ రోజుకు జమ చేయాల్సిన బకాయి; బకాయి గురించి సంస్థ నుంచి వచ్చిన లేఖల నకళ్ళు.

గ్రంథాలయ సంస్థకు రాసే దాంట్లో: అదే ఐదేళ్ళలో మా ఊరి నుంచి అందిన సెస్సు, రావాల్సిన బకాయి, మా లైబ్రరీకి పుస్తకాలు, పత్రికలు, అద్దె, కరెంటు, మరమ్మతుల కింద ఏడాదివారీగా పెట్టిన ఖర్చు, మంజూరైన పోస్టులు ఎన్ని, ఖాళీలు ఎన్ని, బకాయి కోసం మా పంచాయతీకి రాసిన లేఖల నకళ్ళు. ఈ చివరిది తప్పకుండా అడగండి. ఏళ్ళ తరబడి ఒక్క ఉత్తరం కూడా రాయలేదని తేలితే మీరు సంస్థను కూడా నిలదీయాల్సి ఉంటుంది.

'ఎందుకు' అనే మాట దరఖాస్తులో వాడకండి. ఎందుకు జమ చేయలేదు అని అడిగితే అది సమాచారం కిందకు రాదని తిప్పి పంపుతారు. రికార్డు అడగండి, నకలు అడగండి, లెక్క అడగండి. కారణం తర్వాత గ్రామసభలో అడగవచ్చు.

ఫీజు గ్రామ స్థాయి ఆఫీసులకు ఏమీ ఉండదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. తెల్లరేషన్ కార్డు ఉన్నవాళ్ళు దాని నకలు జతచేస్తే ఫీజే అక్కర్లేదు. కోర్టు ఫీజు స్టాంపు అంటించడం అన్నిటికన్నా సులువు. ఆఫీసులో చేతికిస్తే మీ దగ్గరున్న కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. పోస్టులో పంపితే స్పీడ్ పోస్టు రసీదు దాచుకోండి. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే, వచ్చింది అరకొరగా ఉంటే, అదే ఆఫీసుకు పైఅధికారి దగ్గర 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయండి. అప్పటికీ కదలకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. నా అనుభవంలో మొదటి అప్పీలు కాగితం వెళ్ళేసరికి చాలా ఆఫీసుల్లో ఫైలు కదులుతుంది.

ఇంకొక చిన్న మాట. దరఖాస్తు ఇద్దరు ముగ్గురి పేర్ల మీద విడివిడిగా పెట్టండి. ఒక్కరే పెడితే ఆ ఒక్కరి ఇంటికి పెద్దమనుషులు వచ్చి 'ఎందుకమ్మా మనకీ గొడవలు' అంటారు. ముగ్గురి ఇళ్ళకూ వెళ్ళి చెప్పడం వాళ్ళకూ ఇబ్బందే.

ఆంధ్రలో కొత్త జిల్లాలు వచ్చాయి కాబట్టి మీ ఊరు ఏ జిల్లా గ్రంథాలయ సంస్థ కిందకు వస్తుందో దరఖాస్తుకు ముందే లైబ్రరీలో కనుక్కోండి. కలెక్టరేట్ ఒక ఊళ్ళో, గ్రంథాలయ సంస్థ పాత జిల్లా కేంద్రంలో ఉండొచ్చు.

మనుషుల్ని కూడగట్టడం

జవాబుల కోసం ఎదురుచూసే నెల రోజుల్లో జనాన్ని కలవండి. పాఠకుల సంఘం అని పేరు పెట్టుకోవచ్చు, రిజిస్ట్రేషన్ ఏమీ అక్కర్లేదు. ఐదుగురు, మహా అయితే ఏడుగురు. ఆ ఐదుగురిలో ఎవరుండాలన్నది ముఖ్యం. ఊళ్ళో సగం మందికి పాఠాలు చెప్పిన రిటైర్డ్ మాస్టారు ఒకరు కావాలి, ఆయన మాట ఏ పార్టీవాళ్ళూ తీసేయలేరు. ఉద్యోగ పరీక్షలకు చదివే అమ్మాయి ఒకరు, అబ్బాయి ఒకరు. పొదుపు సంఘం నడిపే అక్క ఒకరు, ఇంటింటికీ వెళ్ళే దారి ఆవిడకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. బజారులో దుకాణం ఉన్నవారు ఒకరు. దుకాణం పన్ను ఎక్కువ కాబట్టి సెస్సు కూడా వాళ్ళే ఎక్కువ కట్టి ఉంటారు, లెక్క చూపిస్తే వాళ్ళకు వెంటనే అర్థమవుతుంది.

పార్టీ జెండాలు లోపలికి రానివ్వకండి. అలాగని పార్టీల వాళ్ళను దూరం పెట్టకండి కూడా. అధికార పక్షం వార్డు సభ్యుడిని, ప్రతిపక్షం వార్డు సభ్యుడిని ఒకే రోజు, ఒకే కాగితంతో కలవండి. ఇది ఫలానా వాళ్ళ లైబ్రరీ ఉద్యమం అని ఒక్కసారి ముద్ర పడితే మిగతా సగం ఊరు తలుపు వేసుకుంటుంది.

ఇంటింటికీ వెళ్ళినప్పుడు మాట ఎలా మొదలుపెట్టాలి? 'లైబ్రరీని కాపాడుకుందాం' అని మొదలుపెడితే, 'మా ఇంట్లో చదివేవాళ్ళు ఎవరున్నారు బాబూ' అంటారు. మేం అలా పది గుమ్మాల దగ్గర నీరుగారిపోయాం. పదకొండో ఇంట్లో మాతో వచ్చిన పొదుపు సంఘం అక్క, 'వదినా, ఇంటి పన్ను కాగితం ఒకసారి తెస్తావా' అంది. ఆ ఇంటావిడ లోపలికి వెళ్ళి తెచ్చింది. అక్క సెస్సు పద్దు మీద వేలు పెట్టి చూపించింది. 'ఇది ఎవరు అడిగారు, ఎందుకు కట్టించుకున్నారు' అని ఆ ఇంటావిడే మమ్మల్ని అడగడం మొదలుపెట్టింది. ఆ రోజు నుంచి మేం అదే పద్ధతి పట్టుకున్నాం.

తప్పకుండా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. 'అందరి చేతుల్లో ఫోన్లున్నాయి కదా, లైబ్రరీ ఎందుకు?' దీనికి వాదనతో కాకుండా మనుషులతో జవాబు చెప్పాలి. ఫోనున్న పిల్లలే లైబ్రరీలో ఎందుకు కూర్చుంటున్నారో వాళ్ళ చేతే చెప్పించండి. రోజూ మూడు నాలుగు పేపర్లు కొనలేని పెన్షనర్‌ని మాట్లాడమనండి. నాలుగో తరగతి పాప చేత లైబ్రరీ నుంచి తెచ్చుకున్న కథ ఒక పేజీ చదివించండి. ఆ తర్వాత ఆ ప్రశ్న మళ్ళీ రాదు.

సంతకాలు తీసుకునేటప్పుడు పేరు, డోర్ నంబరు, ఇంటి పన్ను అసెస్‌మెంట్ నంబరు (పన్ను లెక్కల్లో ఒక్కో ఇంటికి ఇచ్చే నంబరు) రాయించండి. ఫోన్ నంబర్లు, ఆధార్ నంబర్లు వద్దు. ఆ కాగితాలు ఎన్ని చేతులు మారతాయో మనకు తెలియదు. అసెస్‌మెంట్ నంబరు ఎందుకంటే, ప్రతి సంతకం ఒక సెస్సు కట్టిన ఇంటిది అని ఆఫీసు వాళ్ళకు చూడగానే తెలుస్తుంది.

పాత కథ కూడా చెప్పండి

కరపత్రంలో రెండు వాక్యాలైనా మన లైబ్రరీల పుట్టుక గురించి ఉండాలని నా కోరిక. తెలుగువాళ్ళకు లైబ్రరీ ఎవరో దయతో ఇచ్చింది కాదు. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం పెట్టినప్పుడు అక్కడ తెలుగు చదువుకు ప్రభుత్వ ఆదరణ లేదు. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో ఊళ్ళలోని లైబ్రరీలన్నీ కలిసి ఒక సంఘంగా ఏర్పడ్డాయి. వేటపాలెం అనే చేనేత ఊళ్ళో 1918లో మొదలైన సారస్వత నికేతనం ఈ రోజుకీ ఉంది, దాని భవనానికి గాంధీజీ శంకుస్థాపన చేశారు. 1935లో పాతూరి నాగభూషణం పుస్తకాలను పడవలో పెట్టి కృష్ణా కాలువ వెంట ఊరూరా తిప్పారు. కాలువ గట్టు మీద జనం పడవ కోసం ఎదురుచూసేవారంటే ఆలోచించండి. అలా చందాలతో, కొందరి కష్టంతో నడిచిన పనిని ఊరంతా తలా కొంచెం మోసేలా చేసింది చట్టం తెచ్చిన సెస్సే. మీ ఊళ్ళో కూడా లైబ్రరీకి స్థలమిచ్చినవారో, మొదటి బీరువా ఇచ్చినవారో ఉంటారు. గోడ మీది శిలాఫలకం దుమ్ము తుడిచి చదవండి. ఆ కుటుంబంలో ఎవరైనా ఊళ్ళో ఉంటే వాళ్ళను కలవండి.

కరపత్రం మాత్రం అరపేజీ దాటకూడదు. ఇలా ఉంటే చాలు:

'మన ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు లైబ్రరీలకు. ఐదేళ్ళలో మన ఊరు కట్టింది ఇంత. జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరింది ఇంత. చేరాల్సింది ఇంత. ఎప్పుడు చేరుతుందో అడగడానికి ఫలానా రోజు గ్రామసభకు రండి. వచ్చేటప్పుడు మీ పన్ను రసీదు తెచ్చుకోండి.'

అంకెలు పెద్ద అక్షరాల్లో వేయించండి. సమాచార హక్కు కింద వచ్చిన అంకెలు తప్ప ఒక్క రూపాయి కూడా మీ ఊహతో రాయకండి. ఒక్క తప్పు అంకె దొరికితే మొత్తం కరపత్రం అబద్ధమని ప్రచారం చేస్తారు.

గ్రామసభలో, కౌన్సిల్లో

రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన 29 విషయాల్లో గ్రంథాలయాలు కూడా ఒకటి. కాబట్టి ఇది మన పరిధిలోది కాదు అని సర్పంచ్ గారు అంటే ఆ మాట ఒప్పుకోవద్దు.

గ్రామసభ తేదీకి కనీసం పది రోజుల ముందు సర్పంచ్‌కూ, పంచాయతీ కార్యదర్శికీ లిఖితపూర్వకంగా ఇచ్చి, లైబ్రరీ సెస్సు అంశాన్ని అజెండాలో చేర్చమని అడగండి. రసీదు తీసుకోండి. పాలకవర్గం గడువు ముగిసి ప్రత్యేకాధికారి పాలన ఉంటే ఆయనకే ఇవ్వండి. సభకు తీర్మానం రాసుకుని వెళ్ళండి. అక్కడికక్కడ రాద్దామంటే గొడవలో పడి పోతుంది. మాటలు ఇలా ఉండొచ్చు:

'మన పంచాయతీ వసూలు చేసిన గ్రంథాలయ సెస్సులో జిల్లా గ్రంథాలయ సంస్థకు చెల్లించాల్సిన బకాయిని నాలుగు వాయిదాల్లో ఏడాదిలోగా చెల్లించాలని, ఇకపై మూడు నెలలకోసారి వసూలైన సెస్సును ఆ తర్వాతి నెల 15వ తేదీలోగా జమ చేసి, చలానా నకలును పంచాయతీ నోటీసు బోర్డులోనూ లైబ్రరీలోనూ ఉంచాలని ఈ గ్రామసభ తీర్మానిస్తోంది.'

ఇందులో రెండో సగమే అసలైనది. చాలాచోట్ల ఉద్యమం పాత బకాయి చుట్టూ తిరిగి అక్కడే ఆగిపోతుంది. బకాయి పెద్ద మొత్తం, అది చూపించి 'ఎక్కడి నుంచి తేవాలండీ' అనడం వాళ్ళకు తేలిక. ఈ ఏడాది వసూలైంది ఈ ఏడాదే పంపండి అంటే కాదనడానికి కారణం దొరకదు. ముందు కొత్త డబ్బు కదిలేలా చూడండి, పాతది వాయిదాల్లో రానివ్వండి.

చెక్కు రాశాం, ట్రెజరీలో (ప్రభుత్వ ఖజానా ఆఫీసులో) ఆగింది అని కూడా చెప్తారు. నిజంగా ఆగే ఉండొచ్చు. బిల్లు ఏ తేదీన పెట్టారో, టోకెన్ నంబరు ఎంతో అడిగి రాసుకోండి. అది చేతిలో ఉంటే ట్రెజరీ గడప కూడా మీరే ఎక్కవచ్చు.

సభ ముగిసే ముందు తీర్మానం మినిట్స్ పుస్తకంలో రాశారా, నంబరు వేశారా చూడండి. చప్పట్లు కొట్టి ఇంటికి వచ్చేస్తే మరుసటి రోజుకు ఆ తీర్మానం ఉండదు.

మున్సిపాలిటీల్లో గ్రామసభ ఉండదు కాబట్టి మీ వార్డు కౌన్సిలర్ ద్వారా కౌన్సిల్ సమావేశంలో అడిగించాలి. ఒక్క కౌన్సిలర్ చాలడు, వేర్వేరు పార్టీల నుంచి ముగ్గురైనా సంతకం పెట్టిన లేఖ కమిషనర్‌కు చేరాలి. కౌన్సిల్ జరిగే రోజు గ్యాలరీలోనో, బయట వరండాలోనో మీవాళ్ళు నిశ్శబ్దంగా కూర్చుని ఉంటే చాలు. పిల్లలు పుస్తకాలు చదువుకుంటూ కూర్చుంటే ఇంకా మంచిది.

కలెక్టరేట్, పత్రికలు

తీర్మానం నకలు, సంతకాలు, రెండు దరఖాస్తులకు వచ్చిన జవాబులు, వీటితో ఒక పేజీ వినతిపత్రం రాసి సోమవారం కలెక్టరేట్‌కు వెళ్ళండి. తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. ఒక పేజీలో ఒకే కోరిక ఉండాలి. సెస్సు, కొత్త భవనం, కంప్యూటర్లు, లైబ్రేరియన్ బదిలీ అన్నీ కలిపి రాస్తే ఏ సెక్షన్‌కు పంపాలో తెలియక పక్కన పెడతారు. అర్జీ నంబరు తీసుకుని, నెలకోసారి దాని స్థితి అడగండి. నకళ్ళు జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శికి, పంచాయతీ అయితే జిల్లా పంచాయతీ అధికారికి, ఎమ్మెల్యేకు ఇవ్వండి. గదులు కట్టించడం, ప్రహరీ లాంటివి ఎమ్మెల్యే, ఎంపీ నిధుల నుంచి అడగవచ్చు, అది వేరే కాగితంగా, వేరే రోజున. కోల్‌కతాలోని రాజా రామ్మోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ రాష్ట్రాల వాటా కలుపుకుని పుస్తకాలకు, భవనాలకు గ్రాంట్లు ఇస్తుంది. ఆ ప్రతిపాదనలో మా ఊరి పేరు చేర్చమని గ్రంథాలయ సంస్థను అడగండి.

విలేకరికి ఫోన్ చేసి 'లైబ్రరీ గురించి రాయండి' అంటే ఆయనకు వార్త ఏమీ దొరకదు. రెండు జవాబుల నకళ్ళు, మధ్యలో తేడా అంకె ఇస్తే అది వార్త. నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాలకు పత్రికలు జిల్లా పేజీల్లో చోటు ఉంచుతాయి, నాయకులు వేదిక ఎక్కుతారు. మీ దరఖాస్తులు ఆగస్టులో పెట్టుకుంటే అంకెలు అక్టోబరుకు చేతికొస్తాయి, నవంబరులో వేదిక మీద మాట ఇప్పించుకోవచ్చు, మార్చిలో పన్ను వసూళ్ళు ఊపందుకునే సమయానికి ఆ మాట గుర్తు చేయవచ్చు. మేం మొదటిసారి మేలో మొదలుపెట్టి, ఎండల్లో ఎవరూ రాక ఊరికే అలిసిపోయాం.

చేయకూడనివి కొన్ని

సెస్సు చేరడం లేదని ఇంటి పన్ను కట్టడం ఆపకండి. అప్పుడు తప్పు మీవైపు వస్తుంది.

లోటు పూడ్చడానికి చందాలు మొదలుపెట్టకండి. ఊరివాళ్ళే నడుపుకుంటున్నారు కదా అనే మాట ఒకసారి వస్తే సెస్సు గురించి అడిగే నోరు మూతపడుతుంది. అమెరికాలోనో, గల్ఫ్‌లోనో, బెంగళూరులోనో ఉన్న మీ ఊరివాళ్ళు డబ్బు పంపుతామంటారు. వాళ్ళకు కృతజ్ఞత చెప్పి, ముందు వాళ్ళ తల్లిదండ్రుల ఇంటి పన్ను రసీదు ఫోటో పంపమనండి, సంతకం పెట్టించమనండి. ఎమ్మెల్యేకు వాళ్ళు రాసే ఒక ఉత్తరం చాలా పని చేస్తుంది. పుస్తకాలే ఇస్తామంటే లైబ్రేరియన్ దగ్గర కావాల్సిన వాటి జాబితా తీసుకుని అవి మాత్రమే తీసుకోండి. పాత సిలబస్ గైడ్లు అట్టపెట్టెల్లో వచ్చి చేరితే బీరువాలకు చోటుండదు.

మా ఊరి సెస్సు మా ఊరి లైబ్రరీకే కావాలి అని కూడా అడగకండి. వినడానికి న్యాయంగా ఉంటుంది కానీ, జిల్లా అంతా ఒక గిన్నెలో వేసుకుని పంచుకునే పద్ధతి ఇది. పెద్ద మున్సిపాలిటీ సెస్సుతోనే పన్ను పెద్దగా రాని పల్లెల్లో పేపరు పడుతోంది. కావాల్సింది మా లైబ్రరీకి ఎంత కేటాయించారో చెప్పమని అడగడం.

డబ్బు కదిలాక

మొదటి చలానా నకలు చేతికి వచ్చిన రోజు దాన్ని లైబ్రరీ గోడకు అంటించండి. ఇంటింటికీ తిరిగిన వాళ్ళందరికీ ఆ ఫోటో పంపండి. సెస్సు జిల్లా సంస్థకు చేరినంత మాత్రాన మీ లైబ్రరీకి పుస్తకాలు వచ్చేయవు. పాఠకుల సంఘం తరఫున యాభై పుస్తకాల జాబితా, ఆగిపోయిన పత్రికల జాబితా రాసి కార్యదర్శికి ఇవ్వండి. జాబితాను పిల్లలతో, పరీక్షలకు చదివేవాళ్ళతో, పెద్దవాళ్ళతో విడివిడిగా రాయించి కలపండి. లేకపోతే అన్నీ పోటీ పరీక్షల గైడ్లే వస్తాయి, ఎనిమిదేళ్ళ పిల్లకు చదవడానికి ఏమీ ఉండదు.

ఆ తర్వాత క్యాలెండరులో ఏప్రిల్ మొదటి వారం దగ్గర గుర్తు పెట్టుకోండి. కొత్త ఆర్థిక సంవత్సరం రాగానే అవే రెండు దరఖాస్తులు, ఈసారి ఒక్క ఏడాది లెక్కకే, వేరే ఇద్దరి పేర్ల మీద మళ్ళీ పెట్టాలి.